ఆపరేషన్ అయినదానికి లూప్ ఎందుకు

"సంచి తీపిచ్చుకుంటే అయిపాయె గదా. ఎన్నేండ్లని గిట్ల బట్టలు పిండుకుంట కూసుంటవ్?" అంది మా అత్తమ్మ ఇన్నమ్మ, నల్లా దగ్గర నేను దుప్పటి నానబెడుతుంటే.

సంచి అంటే గర్భసంచి. మా సారపాకలో ఆడవాళ్లు దాని గురించి కూరగాయల సంచి గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడతారు. ఫలానామె తీయించుకుంది, ఫలానామెకు తీసేశారు, నువ్వింకా ఎందుకు ఉంచుకున్నావు? నేను మరక మీద చల్లటి నీళ్లు పోసి రుద్దుతున్నాను. వేడినీళ్లు పోస్తే నెత్తురు బట్టను పట్టుకుని వదలదు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు, ఉతికి ఉతికి తెలుసుకున్నాను. ఆ బట్టల్ని ఇంటి ముందు ఆరేయకూడదని మాత్రం అందరూ నేర్పారు. అందుకని దుప్పటిని ఇంటి వెనక తాడు మీద వేసి, పైన ఇంకో చీర కప్పి, లోపలికొచ్చి కుక్కర్ పెట్టి, జయరాజ్‌కూ ఏంజెల్‌కూ డబ్బాలు కట్టి, నా డబ్బా కట్టుకునే వేళ లేక ఉత్త చేతులతో బయల్దేరాను. జయరాజ్ నా భర్త, కాగితం మిల్లులో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. ఏంజెల్ మా రెండో అమ్మాయి, పదో తరగతి. పెద్దది ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. పేరు లూర్దు మేరి. పదమూడేళ్ల సర్వీసు. నా బస్సు భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా వెంకటాపురం పోతుంది. ఒకవైపు గోదావరి, ఒకవైపు అడవి అని చెబితే విన్నవాళ్లు ఎంత బాగుంటుందో అంటారు. నేను చూసేది కిటికీలోంచి కాదు, జనం భుజాల మీదుగా. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. దవాఖానాకు పోయేవాళ్లు, మిరపతోటల్లో కూలికి పోయేవాళ్లు, చింతపండు మూటలతో సంతకు పోయే కోయ ఆడవాళ్లు. జీరో టికెట్ అయినా ప్రతి ఒక్కరికీ మిషన్లో కొట్టి చేతికివ్వాల్సిందే. వాళ్లు ఎక్కితే నాకు సంతోషమే, ఇన్నాళ్లూ ఇల్లు కదలని వాళ్లు కదులుతున్నారు. కానీ నెలలో ఎనిమిది రోజులు మాత్రం ఆ జనం మధ్య నుంచి నా నడుమును నేనే ఈడ్చుకుంటూ ముందుకూ వెనక్కూ తిరగడం ఒక గండం. దారిలో ఒక బస్టాండులో ఆడవాళ్ల గదికి తాళం వేసి ఉంటుంది. ఇంకోదాంట్లో నీళ్లుండవు. అందుకని నీళ్లు తాగడం మానేశాను. ఆ రోజుల కోసం ముదురు రంగు చీరలు విడిగా పెట్టుకున్నాను. జయరాజ్ ఒకసారి నవ్వుతూ అన్నాడు: "ఎప్పుడు జూసినా గీ నల్లచీరలేంది, ఎవరన్న సచ్చిండ్రా?" ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ చీరల సంగతి తెలియదు. నేను చెప్పనూ లేదు. చెప్పడం కూడా ఒక పనే, ఆ పనికి నాకు ఓపిక మిగిలేది కాదు.

అది మిరపకాయ ఏరే కాలం. తిరుగు ప్రయాణంలో పర్ణశాల క్రాస్ రోడ్డు దగ్గర బస్సు ఆగితే ఒక ముసలమ్మ ఎక్కింది. ఆమెకు టికెట్ అందించబోతూ ఉంటే మిషన్ మీది అంకెలు నీళ్లలో పడ్డట్టు కదిలాయి. తర్వాత నాకు తెలిసింది వెనక సీటు. నా తల ఎవరి ఒళ్లోనో ఉంది. చుట్టూ ఆడవాళ్లు మగవాళ్లకు అడ్డంగా నిలబడ్డారు. ఎవరో తన తువ్వాల నా నడుముకు చుట్టారు. ఎవరో నా నోట్లో చక్కెర వేశారు. ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు, అందరికీ తెలిసినట్టే ఉంది. ముందు నుంచి ఒక మగగొంతు, "బస్సు పోనియ్యుండ్రి, మాకు పనులున్నయ్" అంది. మా డ్రైవర్ హాతీరాం అన్న, నాకంటే పెద్దవాడు, ఇంజన్ ఆపి వెనక్కు తిరిగాడు.

"ఆమె కండక్టరు. ఆమె లేవకుంటే బస్సు లేవదు" అన్నాడు.

అతను బస్సును డిపోకు తీసుకుపోలేదు. జనంతో సహా తెచ్చి భద్రాచలం ప్రభుత్వ దవాఖానా గేటు ముందు ఆపాడు. డిపో నుంచి ఫోన్ వస్తే అవతలి గొంతు నాకు కూడా వినిపించింది: "ఆడోళ్లతోని ఎప్పుడూ ఇదే లొల్లి." హాతీరాం అన్న నా వైపు చూడకుండా ఫోన్ జేబులో పెట్టుకుని, "నెమ్మదిగా దిగు చెల్లే" అన్నాడు.

డాక్టర్ దీపిక చిన్న వయసు పిల్ల, మా పెద్దదానికంటే పదేళ్లు పెద్దదేమో. నెత్తురు పరీక్ష కాగితం చూసి కళ్లద్దాలు తీసింది. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది ఆరే ఉందట, ఉండాల్సిన దాంట్లో సగం.

"ఇన్ని రోజులు ఎట్ల నిలబడ్డారమ్మా?" అంది.

ఏం చెప్పను? నిలబడటమే నా ఉద్యోగం.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. స్కానింగ్ తీశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత మళ్లీ పోతే, గడ్డలు లేవనీ, ప్రమాదకరమైనదేమీ లేదనీ, గర్భసంచి గోడ కొంచెం ఉబ్బి ఉందనీ చెప్పింది దీపిక. మాత్రలున్నాయి, మూడు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్ ఉంది, హార్మోన్ మందు ఉండే లూప్ ఉంది అని వరసగా చెప్పి, "మీకు లూప్ బాగా పనికొస్తదనుకుంటున్నా" అంది.

"లూప్ పిల్లలు కాకుంట పెట్టేది గదా మేడం. నాకు ఆపరేషన్ అయి పదిహేనేండ్లయింది."

"అవ్, పిల్లలు కాకుండానే పెడతారు. కానీ దీనికి ఇంకో గుణం ఉంది. లోపల నెలనెలా ఒక పొర మందంగా పెరుగుతది. అది రాలితేనే నెలసరి. ఈ లూప్‌లో మందు ఆ పొరను పలచగా ఉంచుతది. పెరగనిది ఏం రాలుతది? రక్తం బాగా తగ్గుతది. కొందరికి మొత్తానికే ఆగుతది."

"ఆగితే చెడు రక్తమంతా లోపలనే ఉండిపోదా?"

ఆమె నవ్వలేదు. అందుకు నాకు ఆమె నచ్చింది. "చెడు రక్తమనేది లేదమ్మా. మీది మంచి రక్తమే. అందుకే పోగొట్టుకోవద్దంటున్నా" అంది. తర్వాత, దాచకుండా, మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడి విసిగిస్తుందనీ, పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందనీ, ఒక్కోసారి జారిపోవచ్చనీ, అందరికీ సరిపడాలని లేదనీ చెప్పింది. "సరిపడకపోతే తీసేస్తా. కానీ సంచి తీసేస్తే మళ్లీ పెట్టలేను. అది ఆఖరి మాట, మొదటి మాట కాదు. ఆలోచించుకుని రండి."

ఆలోచించుకుని రమ్మంది. బస్సులో ఇంటికి పోతూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. నా ఒంటి విషయంలో నన్ను ఎవరు, ఎప్పుడు ఆలోచించుకోమన్నారు? పదమూడో ఏట పెద్దమనిషినైతే బడి మాన్పించి పదకొండు రోజులు మూలన కూర్చోబెట్టారు. లెక్కల పరీక్ష పోయింది. పెళ్లి రోజున నాకు నెలసరి వచ్చేలా ఉందని ఎవరో మాత్రలు తెచ్చి మింగించారు. అవేం మాత్రలో ఈ రోజుకీ తెలియదు. అంటే ఆపడానికి మందు అప్పుడూ ఉంది, మరొకరి ముహూర్తానికి అవసరమైనప్పుడు. రెండోసారి కూడా ఆడపిల్లే అన్నప్పుడు కొడుకు కోసం ఇంకో కాన్పు కావాలా వద్దా అని జయరాజ్, మామయ్య ఆంథోని గారు వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. నేను లోపల పాలిస్తూ వింటున్నాను. వద్దనుకున్నారు. వద్దనుకున్నాక ఎవరు చేయించుకోవాలన్న మాట వచ్చింది. "నాది బరువులెత్తే పని, నాకు గట్ల కుదరదు" అన్నాడు జయరాజ్. కుటుంబ నియంత్రణ క్యాంపులో పదకొండు మందిమి చాపల మీద వరసగా పడుకున్నాం. నాలుగో రోజు నేను నీళ్ల బిందె ఎత్తాను. అది బరువు కాదు కాబోలు.

ఇంటికి పోయేసరికి జయరాజ్ తారీఖు కూడా ఖాయం చేసుకుని వచ్చాడు. ఖమ్మంలో ఎవరిదో నర్సింగ్ హోం, తెలిసినవాళ్లు ఉన్నారట. పద్దెనిమిదో తారీఖు పొద్దున చేరితే మధ్యాహ్నానికి సంచి తీసేస్తారు. "ఒక్కసారి తీసేస్తే పీడ వోతది. నువ్వేం ఫికరు వెట్టుకోకు, సంతకాలన్నీ నేను వెట్టొస్త" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నేను దవాఖానాలో ఉన్న మూడు రోజులూ మిల్లుకు పోకుండా నా మంచం పక్కనే కూర్చున్నాడు. భయపడ్డాడు. ఆ భయంలోంచే ఈ తారీఖు పుట్టింది. నేను లూప్ సంగతి చెప్పాను.

"లూపా?" అన్నాడు. "ఆపరేషన్ అయినదానికి లూప్ ఎందుకు?"

డాక్టర్ చెప్పిందంతా చెప్పాను. పొర, మందు, చెడు రక్తం లేకపోవడం. అతను విన్నాడో లేదో గానీ, "నలుగురికి తెలిస్తే ఏమనుకుంటరు?" అన్నాడు.

"ఏమనుకుంటరు?"

నేను కదలకుండా నిలబడ్డాను. "లూపంటే పిల్లలు కాకుంట పెట్టుకునేదే అనుకుంటరు. నువ్వు దినమంత బస్సుల మీద తిరిగేదానివి. గా డ్రైవరు, గీ డ్రైవరు. జనం నోరు మూస్తమా?" అన్నాడు చివరికి, నేల వైపు చూస్తూ. జనం అన్నాడు గానీ ఆ గదిలో జనం ఎవరూ లేరు, మేమిద్దరమే ఉన్నాం. నా నెత్తురు బస్సు నేల మీద కారుతుంటే తలతిప్పుకుని నా పరువు కాపాడిన హాతీరాం అన్న గుర్తొచ్చాడు.

మర్నాడు అత్తమ్మ మొదలుపెట్టింది. "ముట్టు ఆపుకునుడు పాపం లూర్దూ. దేవుడిచ్చిన దాన్ని ఆపుడేంది? ఫాదర్‌గారిని అడిగినవా?"

"సంచి కోసి అవతల పారేస్తే పాపం కాదా అత్తమ్మా?"

"అది రోగం."

"ఇదీ రోగమే. అయినా ఫాదర్‌గారికి ముట్టు వస్తదా, ఆయన్నేం అడగాలె?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది. కానీ నవ్వు అయ్యాక మళ్లీ అదే మాట అంది: "నా మాట విని తీపిచ్చుకో బిడ్డా."

ఇంట్లో మాటలు పడలేక శారద దగ్గరికి పోయాను. శారద నాతోపాటే కండక్టరుగా చేరింది. ముప్పై ఒకటో ఏట ఆమెకు సంచి తీసేశారు. డ్యూటీ దిగి బస్టాండులో టీ తాగుతూ అడిగాను, తీయించుకున్నాక ఎట్లుందని.

"నెత్తురు ఆగింది. అది నిజం" అంది. "ఏడాది మంచిగున్న. తర్వాత ఒళ్లంత మంటలు మొదలైనయ్. చలికాలంల గూడ ఫ్యాను కింద కూసునేదాన్ని. మోకాళ్లు పోయినయ్. నిద్ర లేదు. ఇంకో డాక్టరు చూసి, సంచితోని పాటు అండాశయాలు గూడ తీసిండ్రు గదా అన్నది. నాకు తెల్వదక్కా. నన్ను ఎవ్వరు అడగలే. కాగితం మీద సంతకం మా ఆయన పెట్టిండు." గ్లాసు బల్లమీద పెట్టి, "కొందరికి తీసుడు తప్పదు. మా పెద్దమ్మకు గడ్డలుండె, తీస్తేనే బతికింది. నాకు అవసరముండెనో లేదో, అదే తెల్వది. తెల్వకనే పోయింది" అంది.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని అత్తమ్మకు శారద సంగతి చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. ఒక పిడికెడు గింజలు తీసి పక్కన పెట్టింది. తర్వాత తనకు తనే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లప్పుడు మిరపచేలో కూలికి పోయి, సాళ్ల మధ్య కూర్చుండిపోయి లేవలేకపోయిందట. తోటివాళ్లు ఎడ్లబండి మీద తెచ్చారట. మామయ్య ఖమ్మం తీసుకుపోయారట. ఏం చేస్తున్నారో చెప్పలేదు. మెలకువ వచ్చాక పక్క మంచం ఆమె చెబితే తెలిసింది.

"తీసినంక నొప్పి పోయింది. అందుకే నీకు గూడ చెప్పిన, నా బాధ పోయినట్టు నీ బాధ పోతదని" అంది. "ఇంకో తోవ ఉన్నదని నాకెవరు చెప్పిండ్రు?"

ఇన్నాళ్లూ ఆమె నన్ను సాధిస్తోందనుకున్నాను. ఆమె తనకు తెలిసిన ఒక్క దారినే నాకు చూపిస్తోంది. నేను కూడా ఒక చింతకాయ తీసుకుని పెంకు ఒలిచాను. ఇద్దరం కలిసి గంప నింపాం.

పద్దెనిమిదో తారీఖున పొద్దున జయరాజ్ ఖమ్మం బస్సు కోసం తయారై నిలబడ్డాడు. నేను నా చేతిసంచి తీసుకుని, "నేను గోదావరి వంతెన దాటి భద్రాచలం పోతున్న. దీపిక మేడం దగ్గరికి. వస్తే రా" అన్నాను. అతను రాలేదు. అత్తమ్మ లోపల నుంచి చెప్పులు వేసుకుంటూ వచ్చింది. "నేను వస్త పద" అంది. జపమాల చేతిలోనే ఉంది. పాపమన్న మాట ఆమె వెనక్కు తీసుకోలేదు, జపమాల కూడా వదల్లేదు. రెండూ పట్టుకునే నాతో బస్సెక్కింది.

నర్సు కాగితం ఇచ్చి, అలవాటుగా, "మీ ఆయన వచ్చిండా?" అని అడిగింది. దీపిక తల ఎత్తకుండానే, "ఆమె సంతకం చాలు" అంది. పదమూడేళ్లుగా రోజూ డ్యూటీ కాగితాల మీద చేసే సంతకమే. ఆ రోజు మాత్రం ఒక్కో అక్షరం నింపాదిగా పెట్టాను.

నొప్పి వచ్చింది. కాన్పు నొప్పి అంత కాదు గానీ, పళ్లు బిగబట్టేంత. అయిదు నిమిషాల్లో అయిపోయింది. బయటికొస్తే అత్తమ్మ బల్లమీద కూర్చుని పెదవులు కదుపుతోంది. "అయిపాయెనా? గింతేనా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో నేను అడగలేదు.

జయరాజ్ పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు. పదమూడో రోజు, నాకు జ్వరం తగిలి పడుకుంటే, గుమ్మంలో నిలబడి, "దానివల్లనేనా?" అని అడిగాడు. కాదన్నాను. "తీసేయమని డాక్టరుకు చెప్పాల్నా?" అన్నాడు. "అది నేను చెప్త, నువ్వు కాదు" అన్నాను. అతను పోయి గంజి కాచుకొచ్చాడు. ఉప్పు వేయడం మర్చిపోయాడు. డ్రైవర్ల గురించి అన్న మాటకు మాత్రం తప్పయిందని అనలేదు, ఈ రోజుకీ అనలేదు. గంజి తాగాను. ఆ మాట మరవలేదు.

దీపిక చెప్పినట్టే నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా విసిగించింది. రెండుసార్లు తీయించేద్దామా అనుకున్నాను. అయిదో నెల ఒక్క రోజు కనపడింది. ఏడో నెల ఏమీ లేదు. నాకు నమ్మకం కలగలేదు. అలవాటుకొద్దీ చేతిసంచిలో గుడ్డలు పెట్టుకుని తిరిగాను. ఒక రోజు చర్ల దాటాక, బస్సు కొంచెం ఖాళీ అయ్యి నాకు దాహం వేసింది. సీసా ఎత్తి మొత్తం తాగేశాను. తాగాక గానీ గుర్తుకు రాలేదు, డ్యూటీలో కడుపునిండా నీళ్లు తాగి ఎన్నేళ్లయిందో. నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ పదకొండుకు వచ్చింది. ఏంజెల్ ఒక రోజు నా జడ వేస్తూ, "అమ్మా, నీ చెవులు ఎర్రగైనయ్" అంది. తెల్లగా ఉండేవని నాకు తెలియనే తెలియదు.

నా ఒంట్లోకి బలం వచ్చిందని అందరికంటే ముందు ఇల్లే పసిగట్టింది. "ఇప్పుడు నీకు నెల బాధ లేదు గదా, మా చెల్లె కొడుకు పెండ్లికి వారం ముందే పోయి వంటలకు సాయం ఉండు" అంది అత్తమ్మ. "ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదా, ఆదివారాలు గూడ డబుల్ డ్యూటీ అడుగు" అన్నాడు జయరాజ్. డిపోలో డ్యూటీ చార్టు వేసే ఆయన నవ్వుతూ, "మేడం, మీరిప్పుడు హుషారుగున్నరు, దూరం సర్వీసు వేస్తున్న" అన్నాడు. ఎవరి గొంతులోనూ చెడ్డతనం లేదు. పొలంలో కొత్తగా నీళ్లు పడితే తలా ఒక కాలువ తవ్వుకున్నట్టు, నా నెలలో మిగిలిన ఎనిమిది రోజుల్నీ తలా ఇన్ని పంచుకుంటున్నారు. అవి నావని, వాటి కోసం నేను పళ్లు బిగబట్టుకున్నానని ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే మొదట నాకు కూడా తట్టలేదు. డబుల్ డ్యూటీకి ఊ అనబోయాను.

ఊ అనలేదు. అత్తమ్మకు పెళ్లిరోజు వస్తానని, ముందు రానని చెప్పాను. జయరాజ్‌కు ఆదివారం కుదరదని చెప్పాను. "ఎందుకు కుదరదు, ఏం పనున్నది?" అన్నాడు. "ఏం పని లేదు. అందుకే" అన్నాను.

సోమవారం డిపోకు పోయి సెలవు కాగితం అడిగాను. రెండు రోజులు. పర్ణశాల క్రాస్ రోడ్డు మీదుగా వేలసార్లు పోయాను గానీ లోపలికి, గోదావరి ఒడ్డుకు ఒక్కసారి కూడా పోలేదు. అక్కడ దిగాలి, ఒక పూట నీళ్ల దగ్గర కూర్చోవాలి. రెండో రోజు ఖమ్మం పోయి పెద్దదాన్ని చూడాలి, లేకపోతే పడుకోవాలి, లేచాక నిర్ణయించుకుంటాను. కాగితం మీద పేరు, నంబరు, తారీఖులు రాశాను. కింద కారణం అని గీత ఉంది. పదమూడేళ్లుగా ఆ గీత మీద నేను రాసిన అబద్ధాలన్నీ ఒకటే మాట: జ్వరం. కలం పట్టుకుని కాసేపు నిలబడ్డాను. చార్టు వేసే ఆయన, "ఏదో ఒకటి రాయుండ్రి మేడం, జల్దీ" అన్నాడు.

"ఒంట్లో బాగున్నందున" అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను.